ఒకే లంగా, నాలుగు ప్రాంతాలు



"శనివారం మీ పాప రాజస్థానీ వేషంలో రావాలి" అని గురువారం సాయంత్రం క్లాస్ గ్రూపులో మెసేజ్ వస్తే ఇంట్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. ఆ మెసేజ్ పంపే మా ఇళ్లలోనూ పిల్లలున్నారు. ఆఫీసు నుంచి వచ్చీ రాగానే కొంపల్లి వైపో సుచిత్ర వైపో బండి తీయాలి. అద్దె దుస్తుల షాపులో మన పాప కొలతకు సరిపోయేది దొరకదు. ఉన్నదాన్నే పిన్నీసులతో బిగించి తెస్తాం. శనివారం పాప స్టేజీ మీద మెడ గోక్కుంటూ నిలబడుతుంది. ఫొటో తీసుకుంటాం. సోమవారం బట్టలు తిరిగి ఇచ్చి డిపాజిట్ తెచ్చుకుంటాం. "రాజస్థాన్ గురించి ఏం తెలుసుకున్నావమ్మా?" అని అడిగితే "ఆ జాకెట్టు గుచ్చుకుంటుంది" అని జవాబు వస్తుంది.

ఇంత ఖర్చు, ఇంత హడావుడి తరువాత పిల్లలకు మిగిలేది అదే అయితే, లోపం పిల్లల్లో లేదు. మనం ఎంచుకున్న పద్ధతిలో ఉంది. అందుకే ఈ నెల పాఠం దుస్తుల గురించి. బాగా కుట్టించిన ఒక్క లంగా-జాకెట్టుతో, పైన వేసుకునే చిన్న చిన్న వస్తువులు మార్చి, కనీసం నాలుగు ప్రాంతాల తీరును ఇంట్లోనే ఎలా చూపించవచ్చో చెబుతాం. అదే దుస్తులు మూడు నాలుగేళ్లు ఎలా వస్తాయో కూడా లెక్కతో సహా చూద్దాం.

చేతులు విడిగా దొరికే గౌను

పెద్ద తరగతుల సాంఘిక శాస్త్రంలో పిల్లలు యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం గురించి చదువుతారు. చిత్రకారులు, శిల్పులు, ముద్రణ యంత్రం గురించి చెబుతాం గానీ, ఆ కాలపు ఆడవారి బట్టల పెట్టెలో ఏముండేదో సాధారణంగా చెప్పం. అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

15, 16 శతాబ్దాల్లో ఇటలీలో గౌనుకు చేతులు చాలాసార్లు విడిగా ఉండేవి. భుజం దగ్గర నాడాలతో వాటిని ముడి వేసుకునేవారు. ఇంటి సామాన్ల జాబితాల్లో గౌన్లు ఒక పద్దు, చేతులు ఇంకో పద్దుగా రాసుకునేవారు. మంచి బట్ట చాలా ఖరీదు కాబట్టి ప్రతి సందర్భానికీ కొత్త గౌను కుట్టించడం కలిగినవారికి కూడా సులువు కాదు. చేతులు మార్చితే ఉన్న గౌనే కొత్తగా కనిపించేది. మెడ దగ్గరి పట్టీ, తల మీది కప్పు, నడుముకు కట్టే గొలుసు మారితే ఆ మనిషి ఏ ఊరి తీరును పాటిస్తున్నారో చూసేవారికి తెలిసేది.

ఈ తేడాలన్నీ ఒకచోట చేర్చాలని చెసారె వెచెల్లియో అనే చిత్రకారుడు 1590లో వెనిస్ నగరంలో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. వివిధ ప్రాంతాలవారి దుస్తులను చూపే 400కు పైగా చెక్క అచ్చు బొమ్మలు అందులో ఉన్నాయి. తన చుట్టూ ఉన్నవారిని చూసి చాలా బొమ్మలు వేశాడు. తాను వెళ్లని దూరదేశాల విషయంలో మాత్రం ఇతరులు చెప్పినదాన్ని, ఇతరులు వేసిన బొమ్మలను ఆధారం చేసుకున్నాడు. ఈ తేడాను గుర్తుంచుకోండి. చూసి వేసిన బొమ్మ వేరు, విని వేసిన బొమ్మ వేరు. వ్యాసం చివర్లో మళ్లీ ఇక్కడికే వస్తాం.

ముందుగా అసలు లంగా

మన ఊరి పేరు చెబితే చాలామంది "ఇక్కత్ చీరలు నేసేది మీ దగ్గరేనా?" అని అడుగుతారు. కాదు. ఇక్కత్‌కు పేరుపొందినది యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు అదే. మన గుండ్లపోచంపల్లిలో ఉన్నది అపారెల్ పార్కు. అక్కడ నేస్తారు, ఇక్కడ కుడతారు. కాబట్టి కుట్టు సంగతితోనే మొదలుపెడదాం.

బట్ట: మెత్తని కాటన్, 44 అంగుళాల పన్నా, 3 మీటర్లు. రంగు ముదురు కుంకుమ ఎరుపు. అంచు, జరీ, అద్దాలు ఏవీ ఉండకూడదు. సాదాగా ఉన్నదే ఎన్ని రకాలుగానైనా మారుతుంది. కుట్టించేముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. బట్ట ముడుచుకునేది ఏమైనా ఉంటే అప్పుడే ముడుచుకుంటుంది.

పొడవు లెక్క: పట్టు లంగా కుట్టినట్టే పన్నాను నిలువుగా, 3 మీటర్లను చుట్టూ ఘేరుగా వాడాలి. మీ పాపకు నడుము నుంచి చీలమండ వరకు 28 అంగుళాలు అనుకుందాం. నాడా దూర్చే పట్టీకి 2, కింది మడతకు 2 కలిపితే 32 అంగుళాలు. ఇంకా 12 మిగిలాయి. ఇందులో 6 అంగుళాలను లోపలివైపు మూడు అడ్డ మడతలుగా కుట్టించండి. ఒక్కో మడత లోతు ఒక అంగుళం, కాబట్టి ఒక్కోటి 2 అంగుళాల బట్టను దాచుకుంటుంది. మిగిలిన 6 అంగుళాల పట్టీని కత్తిరించి దాచండి. దానితో ఏం చేయాలో తరువాత చెబుతాం.

ప్రాథమిక తరగతుల పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆ పెరుగుదలలో లంగా పొడవుకు కావలసింది కొంత భాగమే. ఒక్క మడత విప్పితే 2 అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే ఒక మడత ఏడాదికి పైగానే వస్తుంది. ఈ లెక్కను నాలుగో తరగతి పిల్లలు స్వయంగా వేయగలరు. టేపు వాళ్ల చేతికే ఇవ్వండి. మడత విప్పినచోట రంగు కొంచెం తేడాగా గీత కనబడుతుంది. సరిగ్గా అక్కడ లేసు కుడితే అది కనబడదు. మన అమ్మమ్మలు, నానమ్మలు ఇలాగే కుట్టించేవారు. ఎదిగే పిల్లకు కొలతకు కొలత కుట్టించేవారు కాదు.

నడుముకు ఎలాస్టిక్ వద్దు, నాడా పెట్టించండి. జాకెట్టుకు విడిగా ఒక మీటరు బట్ట చాలు. ఇరువైపులా లోపల ఒకటిన్నర అంగుళం వదిలి కుట్టమని చెప్పండి. చేతులు పొట్టిగా ఉండాలి. చేతి అంచు లోపల చుట్టూ నాలుగు టిచ్ బటన్లు వేయించండి. ఇటలీ ఆడవారి చిట్కాను ఇక్కడ వాడుకుంటున్నాం. పొట్టి చేతులకు పైన ఏ చేతులు కావాలంటే అవి తగిలించవచ్చు, తీయవచ్చు. దాచిన 6 అంగుళాల పట్టీ ఇందుకే. దానిలోంచి రెండు మూడు జతల చేతి పట్టీలు, ఒక నడుము పట్టీ వస్తాయి. ఒక జతకు జరీ అంచు, ఇంకో జతకు అద్దాలు కుట్టించుకోవచ్చు. మోచేతి దాకా వచ్చే పొడుగు చేతులకు జాకెట్టు బట్టలో మిగిలిన ముక్క సరిపోతుంది.

ఇక ఓణీలు. పిల్లలకు 2 మీటర్ల పొడవు చాలు. రెండు ఓణీలు ఉంటే మంచిది. ఒకటి ఇక్కత్, ఒకటి చుక్కల బాంధనీ. మీ ఇంట్లో పెద్దవాళ్ల చున్నీలు ఉంటే కొనవలసిన పని కూడా లేదు.

ఒకటి: తెలంగాణ

బతుకమ్మ ఆటకు వెళ్లే పాపను తలుచుకోండి. నడుము దగ్గర దోపిన ఓణీ కుడి వైపు నుంచి ఛాతీ మీదుగా ఎడమ భుజం పైకి వెళ్లి, కొంగు వెనక్కి జారుతుంది. తల మీద ముసుగు ఉండదు. జడ కనబడాలి, జడలో పూలు కనబడాలి. లంగా అడుగున జరీ అంచును కచ్చా కుట్టుతో వేయండి. పండుగ అయ్యాక దారం లాగితే ఊడి వస్తుంది. చేతులకు జరీ పట్టీల జత, నడుముకు వడ్డాణం, పాపిట్లో పాపిడి బిళ్ల, కాళ్లకు పట్టీలు.

ఓణీ పోచంపల్లి ఇక్కత్ అయితే పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: "ఈ డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఎందుకున్నాయి?" ఇక్కత్‌లో నేయకముందే దారాలను లెక్క ప్రకారం కట్టి రంగు వేస్తారు. కట్టినచోట రంగు పట్టదు. ఆ దారాలను మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చి నేస్తే బొమ్మ తేలుతుంది. దారం వెంట్రుకవాసి జరిగినా అంచు మెత్తగా చెదురుతుంది. అచ్చు వేసిన నకలులో ఆ చెదురు చాలాసార్లు ఒకే పక్కన, పైపైన ఉంటుంది. నేసిన దానిలో వెనక్కి తిప్పి చూసినా బొమ్మ అంతే స్పష్టంగా ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రెండు: గుజరాత్

బతుకమ్మ రోజుల్లోనే గుజరాత్‌లో నవరాత్రి గర్బా జరుగుతుంది. మనవాళ్లు పూల బతుకమ్మ చుట్టూ తిరుగుతారు. అక్కడివాళ్లు చిల్లుల మట్టికుండలో వెలిగే దీపం చుట్టూ తిరుగుతారు. గుజరాత్ గర్బాను 2023లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి లంగా జాకెట్టును చనియా చోళీ అంటారు. మన లంగాకూ దానికీ కోతలో పెద్ద తేడా లేదు. తేడా ఓణీ దారిలో ఉంది.

ఓణీ ఒక కొసను ఎడమ నడుము దగ్గర దోపండి. వీపు మీదుగా తిప్పి, కుడి భుజం మీద నుంచి ముందుకు తెచ్చి, ఐమూలగా దించి, మళ్లీ ఎడమ నడుము దగ్గర దోపండి. మన కొంగు వెనక్కి పోతుంది, వాళ్ల కొంగు ముందుకు వస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే పాప తీరు మారిపోతుంది. జరీ పట్టీలు తీసి అద్దాల పట్టీలు తగిలించండి. ఓణీ బాంధనీ అయితే సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ రెండో ప్రశ్న: "ఇక్కత్‌కూ బాంధనీకీ తేడా ఏమిటి?" ఇక్కత్‌లో దారాన్ని కడతారు. బాంధనీలో నేసిన బట్టనే చిన్న చిన్న చిటికెలుగా పట్టి దారంతో బిగించి రంగులో ముంచుతారు. విప్పితే చుక్కలు మిగులుతాయి. తెల్ల కాటన్ రుమాలులో శనగ గింజలు పెట్టి, దారంతో గట్టిగా కట్టి, పసుపు నీళ్లలో మరిగించి చూడండి. మరిగించే పని పెద్దవాళ్లది, కట్టే పని పిల్లలది. చల్లారాక విప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడండి.

మూడు: రాజస్థాన్

లంగా అదే, జాకెట్టు అదే. పొడుగు చేతులు తగిలించండి. ఓణీ ఒక కొసను నడుములో దోపి, మిగిలినదాన్ని తల మీదుగా తెచ్చి ఒక పక్కకు వదలండి. పాపిడి బిళ్ల తీసి ఆ చోట బోర్లా పెట్టండి. పాపిడి బిళ్ల పేరుకు తగ్గట్టు పలకగా, బిళ్లగా ఉంటుంది. బోర్లా గుండ్రని బంతిలా నుదుటి పైన నిలుస్తుంది. బంగారు రంగు కాగితం చుట్టిన పెద్ద చెక్కపూసతో దాన్ని ఇంట్లోనే చేయవచ్చు.

ఓణీకి బాంధనీ పనికొస్తుంది. అలల్లా ఐమూలగా పోయే రంగు చారల లహరియా దొరికితే ఇంకా మంచిది. కొంపల్లి, మేడ్చల్ వైపు రాజస్థాన్ కుటుంబాలు నడిపే షాపులు చాలానే ఉన్నాయి. బిల్లు కట్టేటప్పుడు "మీ ఇంట్లో ఓణీ ఎలా వేసుకుంటారండీ?" అని మీ పాప చేతనే అడిగించండి.

నాలుగు: హర్యానా

ఇది ఎందుకంటారా? 2015 అక్టోబర్ 31న ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో తెలంగాణకు జతగా కుదిరిన రాష్ట్రం హర్యానా. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్. స్కూళ్లలో ఈ జత రాష్ట్రాల కార్యక్రమాలు జరుగుతుంటాయి. అప్పుడు ఎక్కువమంది తల్లిదండ్రులు తికమకపడేది హర్యానా దగ్గరే. చాలామంది పంజాబీ సల్వార్ వేసి పంపిస్తారు.

హర్యానా పల్లెల్లో ఆడవారి సంప్రదాయ దుస్తులు మూడు. బాగా ఘేరున్న లంగాను దామన్ అంటారు. దానిపైన చొక్కాలాంటి కుర్తీ. తల మీద మెరుపు అంచున్న చూందర్. మన ఎర్ర లంగా దామన్‌గా పనిచేస్తుంది. జాకెట్టు పైన ఇంట్లో ఉన్న తెల్ల కుర్తీ వేయండి, నడుము దాటి కొంచెం కిందికి ఉంటే చాలు. ఓణీకి మెరుపు లేసు కచ్చా కుట్టుతో వేసి తల మీదుగా కప్పండి. నగలు వెండి రంగువి కావాలి. మెడకు గట్టి కడియంలా ఉండే హన్స్లీ ముఖ్యం. మందపాటి తీగను వంచి వెండి కాగితం చుట్టి చేయవచ్చు. కొసలు గుచ్చుకోకుండా బట్ట చుట్టండి, వెనకవైపు తెరిచే ఉంచండి.

కర్ణాటక, తమిళనాడు గురించి అడుగుతారేమో. అక్కడ లంగా దావణి, పావడై దావణి అనేవి మన లంగా ఓణీకి సొంత అక్కచెల్లెళ్లు. తేడా ఎక్కువగా నేతలో, అంచులో, పూలలో ఉంటుంది. కట్టు మార్చి వేరుగా చూపించాలని ప్రయత్నించవద్దు. పొరుగువాళ్లం ఒకేలా ఉంటామన్నది కూడా పిల్లలు తెలుసుకోవలసిన సంగతే.

మగపిల్లల సంగతి

బాబులకు ఒక తెల్ల పంచె, ఒక సాదా కుర్తా చాలు. గోచి పెట్టి కట్టి, తలకు రుమాలు చుట్టి, భుజం మీద నల్ల గొంగడి వేస్తే మన పల్లె కాపరి. గొంగడి దక్కనీ గొర్రెల ఉన్నితో నేసేది. ఇంట్లో లేకపోతే ఊళ్లో తాతయ్యను అడగండి. అదే పంచెను గోచి లేకుండా అడ్డంగా చుట్టి, కండువా మడిచి భుజం మీద వేస్తే తమిళనాడు. అదే గోచికట్టుకు పైన కుర్తా వదిలి, పెద్ద పాగా చుడితే హర్యానా రైతు. చిన్నపిల్లలకు పంచె జారిపోతుందని భయమైతే లోపల షార్ట్స్ వేసి, నడుముకు బెల్టు పెట్టండి.

కుదరనివి, కూడనివి

ఈ ఎర్ర లంగాతో అన్నీ చేయగలమని చెప్పం. కేరళ కసవు తెలుపు మీద బంగారు అంచు, దానికి రంగే వేరు. అస్సాం మేఖలా చాదర్, కశ్మీర్ ఫెరన్, పంజాబ్ సల్వార్ కమీజుల కోతే వేరు. ఉన్నదాన్ని బలవంతంగా సాగదీస్తే అది ఏ ప్రాంతానిదీ కాకుండా పోతుంది. ఆ రాష్ట్రాలు వచ్చినప్పుడు మీ పాప మామూలు బట్టల్లోనే వచ్చి, అక్కడి ఒక వస్తువును చేత్తో పట్టుకుని దాని గురించి నాలుగు మాటలు చెబితే చాలు. మార్కులు తగ్గవు.

పెళ్లయిన ఆడవారి గుర్తులను పిల్లలకు పెట్టవద్దు. మన నల్లపూసలు, మెట్టెలు, ఉత్తరాది వధువుల గాజుల జత అలాంటివి. సిక్కుల తలపాగా వారి విశ్వాసానికి సంబంధించినది, వేషానికి వాడకండి. బొట్టు పెట్టడం, పెట్టకపోవడం ప్రతి కుటుంబం ఇష్టం.

భద్రత గురించి రెండు మాటలు. దీపాలు ఉన్నచోట సింథటిక్ బట్ట వద్దు. నిప్పు తగిలితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ అయినా ఓణీ కొసలు వేలాడకుండా దోపి ఉంచాలి. పిన్నీసులకు బదులు టిచ్ బటన్లో రెండు కచ్చా కుట్లో వేయండి. మెడకు బిగుసుకునేలా ఏదీ కట్టవద్దు.

విని వేసిన బొమ్మ

ఇప్పుడు మా పొరపాటు ఒకటి చెప్పాలి. గత ఏడాది మూడో తరగతి పిల్లల జానపద నృత్యానికి లంబాడీ దుస్తులు అద్దెకు తెప్పించాం. ప్లాస్టిక్ అద్దాలు, మెరుపు కాగితం పూసలు, గరుకు బట్ట. రిహార్సల్‌లో వాటిని వేసుకుని పిల్లలు ఒకరినొకరు చూసి పడి పడి నవ్వారు. ఒక పాప మాత్రం వేసుకోనంది. స్టేజీ అంటే సిగ్గేమో అనుకుని బుజ్జగించాం. మరునాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "మేడమ్, మా అమ్మ తండాల ఇప్పటికీ అవే బట్టలు కడుతది. అందరూ నవ్విండ్రని పాప రాత్రంతా ఏడ్చింది" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. తెలంగాణ గిరిజనుల్లో అందరికంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నది లంబాడాలే. మేడ్చల్ దాటి కొంచెం దూరం వెళ్తే తండాలు కనిపిస్తాయి. అయినా మేము ఎవరినీ అడగలేదు. షాపువాడు ఇచ్చిందే లంబాడీ దుస్తులు అనుకున్నాం. వెచెల్లియో అయినా వెళ్లలేని దేశాల బొమ్మలే విని వేశాడు. మేము మన జిల్లాలోనే, మన క్లాసులోనే ఉన్న కుటుంబాన్ని అడగకుండా వేశాం.

క్షమించమని చెప్పి, మీ అమ్మగారు ఒకసారి స్కూలుకు రాగలరా అని అడిగాం. ఆమె వచ్చారు. తన ఫేటియా, కాంచళి, టుక్రి బల్ల మీద పరిచారు. ఫేటియా అంటే లంగా, కాంచళి అంటే రవిక, టుక్రి అంటే తల మీది వస్త్రం. చిన్న చిన్న అద్దాల చుట్టూ ఎంత దగ్గరగా కుట్టు వేశారంటే అద్దం కదలదు. గవ్వలు, నాణేలు, ఎన్నో రంగుల దారం. పిల్లలు వేళ్లతో తడిమి చూశారు. ఒక బాబు "అమ్మమ్మా, ఇది కుట్టడానికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగాడు.

"లెక్క పెట్టలే బిడ్డా. పని లేని దినాలల్ల కుట్టిన. ఇది ఏషం కాదు, నా బట్ట" అన్నారామె.

ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. వాళ్ల మనవరాలు మాత్రం బల్ల పక్కనే నిలబడి, ఏది ఎక్కడ వేసుకుంటారో వచ్చినవాళ్లందరికీ చెప్పింది. సిగ్గేమో అని మేము అనుకున్న పాపే ఆమె.

ఆ రోజు నుంచి మా బ్రాంచిలో రెండు నియమాలు పెట్టుకున్నాం. మొదటిది, నెలలు పట్టే చేతి పనిని మెరుపు కాగితంతో అనుకరించం. అందుకే పైన చెప్పిన నాలుగు ప్రాంతాల్లో లంబాడీ దుస్తులు లేవు. ఆ కుటుంబాల పిల్లలు తమ ఇంటి బట్టలను తామే ఇష్టపడి వేసుకుని వస్తే అంతకన్నా సంతోషం లేదు. రెండోది, ఏ ప్రాంతం దుస్తులైనా వేసుకునేముందు, వాటిని నిజంగా వేసుకునే ఒక మనిషితో మాట్లాడాలి.

ఈ నెల ఇంటి పని

ఇకపై మా బ్రాంచిలో వేషధారణ కార్యక్రమం ఏదైనా మూడు వారాల ముందే డైరీలో రాసి పంపుతాం. గురువారం చెప్పి శనివారం రమ్మనడం ఉండదు. మీ వైపు నుంచి మూడు పనులు కోరుతున్నాం.

మొదటిది, కొత్తది కొనకండి. ఇంట్లో ఉన్న లంగా, చున్నీ, కుర్తీ బయటకు తీసి, ఏది దేనికి పనికొస్తుందో పిల్లలతో కలిసి జాబితా రాయండి. ఎరుపు లేకపోతే ఉన్న రంగే సరిపోతుంది.

రెండోది, ఒక ప్రాంతం ఎంచుకుని, ఆ ప్రాంతపు మనిషిని ఒకరిని వెతకండి. అపార్ట్‌మెంట్‌లో పొరుగువారు కావచ్చు, మీ ఆఫీసులో పనిచేసేవారు కావచ్చు, సెక్యూరిటీ అంకుల్ కావచ్చు. మీ పాప లేదా బాబు వారిని మూడు ప్రశ్నలు అడగాలి. మీ ఊళ్లో ఇది ఎవరు వేసుకుంటారు? ఎప్పుడు వేసుకుంటారు? బయటివాళ్లు దీన్ని చూపించేటప్పుడు చేసే తప్పేమిటి? జవాబులు ఏ భాషలో వచ్చినా సరే, పిల్లలు తమ మాటల్లో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయాలి. ఆ మనిషి ఒప్పుకుంటేనే పేరు రాయాలి.

మూడోది, ఆ ప్రాంతానికి సంబంధించిన ఒక్క వస్తువును చేయండి. బోర్లా, హన్స్లీ, అద్దాల పట్టీ, బాంధనీ రుమాలు, ఏదైనా సరే. బాగా కుదరకపోయినా పిల్లల చేతితో చేసిందే పంపండి. మీరు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేసినది మాకు చూడగానే తెలిసిపోతుంది.

మూల్యాంకనంలో దుస్తులకు మార్కులు లేవు. మూడు ప్రశ్నల జవాబులకే ఉన్నాయి. స్టేజీ దిగాక "ఏం తెలుసుకున్నావమ్మా?" అని అడిగి చూడండి. "హర్యానాలో దీన్ని దామన్ అంటారంట, కింద ఫ్లోర్ ఆంటీ చెప్పింది" అని మీ పాప అంటే, ఆ లంగాకు పెట్టిన డబ్బు వసూలైనట్టే.

వచ్చే ఏడాదికి ఒక మడత విప్పండి.

సాంఘిక శాస్త్రం, యాక్టివిటీ విభాగం
గుండ్లపోచంపల్లి బ్రాంచి